తొలి మంచు, కొత్త బండి

మిషిగన్ రాష్ట్రంలో నవంబరు 15 నుంచి 30 దాకా తుపాకీతో జింకల వేటకి అనుమతి. ఆ రెండు వారాలూ అడవి వేటగాళ్ళది. స్నోమొబైల్ దారులు తెరుచుకునేది డిసెంబరు 1న. వసంతంలో ఆర్డరిచ్చి, పదిహేను వేల డాలర్ల పైచిలుకు పోసి కొన్న బండి అప్పటికి గ్యారేజీలో కవరు కింద నెలల తరబడి పడి ఉంటుంది. పొద్దున్నే లేచి కిటికీ తెరిస్తే పెరట్లో నాలుగంగుళాల మంచు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని సామెత. కవరు తీసేయడం, తాళం తిప్పడం, దారి పట్టడం ఒక్క గంటలో అయిపోతాయి.

చిక్కంతా అక్కడే ఉంది. బండి కొత్తగా ఉన్నప్పుడే దానికి ఎక్కువ మంచు కావాలి. సీజను కొత్తగా ఉన్నప్పుడే నేల మీద మంచు తక్కువ. స్నోమొబైల్‌ని మంచు మీద నడిచే బండి అంటే సగం చెప్పినట్టే. ఇంజనుని చల్లబరిచేదీ, కింద రాపిడిని తగ్గించేదీ కూడా ఆ మంచే. రోడ్డు మీద కారు నడిపితే రోడ్డు వచ్చి రేడియేటర్లో నీళ్ళు పోయదు, బేరింగుల్లో గ్రీజు పెట్టదు. ఇక్కడ ఆ రెండు పనులూ దారే చేస్తుంది.

గుల్‌మార్గ్‌కో మనాలి దగ్గర సోలాంగ్ లోయకో టూరు వెళ్ళినవాళ్ళు ఈ బండిని చూసే ఉంటారు. అక్కడ స్నో స్కూటర్ అంటారు. సియాచిన్‌లో మన సైన్యం సామాన్లు మోయడానికి వాడేదీ ఈ జాతి బండే. ముందు రెండు స్కీలు, వాటిని తిప్పడానికి హ్యాండిల్, నడుమ బైకు సీటు లాంటి సీటు, వెనక వెడల్పాటి రబ్బరు పట్టీ. ఆ పట్టీనే ట్రాక్ అంటారు.

బండి బరువు 230 కిలోలు, మనిషి 80 కిలోలు అనుకుందాం. 38 సెంటీమీటర్ల వెడల్పున్న ట్రాక్ మీటరున్నర పొడవునా నేలకి ఆనుతుంది. స్కీలు కూడా కలుపుకుంటే ముప్పావు చదరపు మీటరు దాకా వస్తుంది. అంత బరువుని అంత మేర పరిస్తే ఒత్తిడి 4 కిలోపాస్కల్స్. అదే మనిషి దిగి ఒంటికాలి మీద నిలబడితే 35 కిలోపాస్కల్స్ దాటుతుంది. అందుకే మూడు వందల కిలోలు తేలిపోయిన మంచులో, దిగి అడుగేసిన మనిషి తొడల దాకా కూరుకుపోతాడు. బండి చెడిపోయి అడవిలో ఆగినవాడికి ఈ లెక్క మొదటి అడుగులోనే అర్థమవుతుంది.

ఈ తేలే గుణం కోసం చాలామందే తంటాలు పడ్డారు. విస్కాన్సిన్‌లోని సేనర్ అనే చిన్న ఊళ్ళో కార్ల్ ఎలియాసన్ 1924లో మంచు బల్లకి మోటారు బిగించి నడిపాడు. క్విబెక్‌లోని వాల్కూర్‌లో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే కథ వేరు. 1934 చలికాలంలో అతని రెండేళ్ళ కొడుక్కి అపెండిసైటిస్ ముదిరింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఆసుపత్రికి చేర్చలేకపోయారు, పిల్లవాడు చనిపోయాడు. మంచు బండి పని మీద అంతకుముందు నుంచే ఉన్న బొంబార్డియే, రబ్బరు తొడిగిన పళ్ళ చక్రంతో ట్రాక్‌ని తిప్పే ఏర్పాటుకి 1937లో పేటెంటు తెచ్చుకున్నాడు. ఆ తొలి బండ్లు ఏడుగురు కూర్చునే పెట్టెల్లాంటివి. డాక్టర్లు, పోస్టు, బడిపిల్లలు వాటిలో తిరిగారు. ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి రావడానికి తేలికపాటి ఇంజన్లు దొరికేదాకా ఆగాల్సివచ్చింది. మిన్నెసోటాలోని రోజోలో పోలారిస్ వాళ్ళు 1956 నాటికే తమ బండి తయారుచేశారు. బొంబార్డియే స్కీ-డూ 1959లో వచ్చింది. 1968లో రాల్ఫ్ ప్లెయిస్టెడ్ అనే మిన్నెసోటా ఇన్సూరెన్సు ఏజెంటు తన బృందంతో స్కీ-డూల మీద ఉత్తర ధ్రువం చేరాడు. గడ్డకట్టిన సముద్రం మీదుగా అక్కడికి వెళ్ళినట్టు వివాదం లేకుండా రుజువైన తొలి ప్రయాణం అదేనని చాలామంది చరిత్రకారుల మాట.

ఇప్పుడు సీటు కిందికి తొంగి చూద్దాం. ట్రాక్ ఒక సొరంగం లాంటి అల్యూమినియం చట్రంలో తిరుగుతుంది. సొరంగం పైకప్పుకి అల్యూమినియం గొట్టాలు అంటిపెట్టి ఉంటాయి, ఇంజన్లోంచి వచ్చే వేడి నీళ్ళు వాటి గుండా పోతాయి. ట్రాక్ తిరిగేటప్పుడు చిమ్మే మంచు వచ్చి ఆ పైకప్పుకి కొట్టుకుని కరుగుతుంది, కరగడానికి కావలసిన వేడిని నీళ్ళ నుంచి లాక్కుంటుంది. చాలా బండ్లకి పెద్ద రేడియేటరు లేకపోవడానికి కారణం ఇదే. ఊరికే దొరికే మంచు ఉండగా అంత బరువు మోయడం ఎందుకని.

ఎంత మంచు కావాలో చూద్దాం. సున్నా డిగ్రీల దగ్గర ఒక కిలో మంచు నీరవ్వాలంటే 334 కిలోజౌళ్ళ వేడి కావాలి. ఓ మోస్తరు వేగంలో ఇంజను నీళ్ళలోకి 15 కిలోవాట్ల వేడి వదులుతోందనుకోండి, అదంతా మంచు కరిగించడానికే పోయిందనుకోండి. సెకనుకి 45 గ్రాములు, నిమిషానికి 2.7 కిలోలు. తాజా పొడి మంచు ఘనపు మీటరుకి వంద కిలోలు మించి తూగదు కాబట్టి నిమిషానికి 27 లీటర్ల మంచు ఆ పైకప్పుకి తగులుతూనే ఉండాలి. మెత్తటి మంచులో ట్రాక్ ఇంతకు ఎన్నో రెట్లు చిమ్ముతుంది. గట్టిపడ్డ దారి మీదా, నున్నటి ఐసు మీదా, గడ్డి కొసలు కనబడే నాలుగంగుళాల పూత మీదా అంత పైకి లేవదు. కాసేపటికి ఉష్ణోగ్రత ముల్లు పైకి పాకుతుంది, ఎర్ర లైటు వెలుగుతుంది. అలవాటున్నవాళ్ళు దారి పక్కన మెత్తటి మంచు పేరుకున్న చోటికి బండిని దించి నాలుగు గజాలు నడుపుతారు. అదీ లేకపోతే చేతుల్తో మంచు ఎత్తి సొరంగం పైన పోస్తారు.

ఇంజనుకి లైటన్నా ఉంది. హైఫాక్స్‌కి అదీ లేదు. ట్రాక్ లోపలి పక్క రెండు పొడవాటి పట్టాలు ఉంటాయి. బండి బరువులో పెద్ద భాగం వాటి మీదే పడుతుంది. వాటి అడుగున తొడిగిన ప్లాస్టిక్ పట్టీల పేరే హైఫాక్స్. అతి పొడవైన అణువుల పాలిథిలీన్‌తో చేస్తారు. జారుడు గుణం, అరగని గుణం రెండూ ఉన్న పదార్థం. 130 డిగ్రీలు దాటితే మాత్రం కరగడం మొదలుపెడుతుంది. బండి గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే నేలకి ఆనిన ట్రాక్ భాగం నేలతోపాటు నిలిచే ఉంటుంది. దాని మీది ఉక్కు క్లిప్పుల మీదుగా ఈ ప్లాస్టిక్ పట్టీలు 60 కిలోమీటర్ల వేగంతో రాసుకుంటూ పోతాయి. వాటి మీద 150 కిలోల బరువుండి, ఘర్షణ గుణకం 0.1 ఉందనుకుంటే పుట్టే వేడి దాదాపు రెండున్నర కిలోవాట్లు. పూర్తి వేడి మీదున్న రెండు ఇస్త్రీపెట్టెలని ఆ సన్నటి పట్టీల కింద పెట్టినట్టు.

మంచు ఉన్నంతసేపూ ఇదేమీ కాదు. క్లిప్పుల మధ్యకి దూరిన మంచు కరిగి సన్నటి నీటి పొరవుతుంది, రాపిడిని తగ్గిస్తుంది, వేడిని మోసుకుపోతుంది. ఇంత వేడిని మింగడానికి సెకనుకి ఏడెనిమిది గ్రాముల మంచు చాలు. కానీ ఆ ఏడు గ్రాములూ సరిగ్గా ఆ సందులోకే చేరాలి. చేరనప్పుడు ముందు వాసన తగులుతుంది, కాలిన ప్లాస్టిక్ వాసన. తర్వాత బండి బరువుగా లాగుతున్నట్టు తోస్తుంది. అప్పుడు ఆపితే మెత్తబడ్డ ప్లాస్టిక్ ఆగిన చోటే క్లిప్పులకి అతుక్కుని చల్లారుతుంది. తిరిగి కదలబోతే పటుక్కున ఊడివస్తుంది. అందులోనూ కొత్త హైఫాక్స్ అంచులు ఇంకా క్లిప్పులకి సర్దుకుని ఉండవు, త్వరగా వేడెక్కేది అవే.

దీనికి విరుగుడుగా పట్టాల పక్కన స్క్రాచర్లు బిగిస్తారు. స్ప్రింగులా వంగే ఉక్కు తీగ, కొసన గట్టి కార్బైడ్ ముక్క. కిందికి దించితే గట్టి మంచుని గీకుతూ, ఆ గీకిన పొడిని పట్టాల మీదికీ గొట్టాల మీదికీ ఎగజిమ్ముతుంది. బండి ఖరీదులో లెక్కలోకి రాని వస్తువు. కొత్త బండి కొనేవాళ్ళు స్పీకర్లూ స్టిక్కర్లూ తర్వాత చూసుకుని ముందు ఇవి ఉన్నాయో లేదో చూసుకోవాలని నా అభిప్రాయం. అవి కిందికి దించి ఉండగా రివర్సు చేయొచ్చో లేదో కూడా అడిగి తెలుసుకోవాలి, కొన్ని రకాలు వెనక్కి పోతే విరుగుతాయి. గాలితో చల్లబడే చిన్న ఇంజన్ల బండ్లకీ, ఈమధ్య వస్తున్న బ్యాటరీ బండ్లకీ మంచు తక్కువైనా పరవాలేదని కొందరు అంటారు. ఇంజను మట్టుకు అది నిజమే కావచ్చు. హైఫాక్స్ వాటికీ ఉంది కదా.

ఇక దారి సంగతి. మిషిగన్‌లోని కీవినా ద్వీపకల్పం సుపీరియర్ సరస్సు లోపలికి చొచ్చుకుపోయిన నేల. నవంబరు చివర్లో ఆ సరస్సు నీరు ఇంకా నాలుగైదు డిగ్రీల వెచ్చగా ఉంటుంది. కెనడా నుంచి వచ్చే గాలి గడ్డకట్టే చలితో ఉంటుంది. నీటికీ, కిలోమీటరున్నర ఎత్తులోని గాలికీ మధ్య తేడా 13 డిగ్రీలు దాటితే కథ మొదలవుతుంది. అడుగున వేడెక్కి తేమ పట్టిన గాలి పైకి లేచి మేఘాలవుతుంది, ద్వీపకల్పం నడుమ ఉన్న కొండలకి తగిలి ఇంకా పైకెక్కి మంచుని దించేస్తుంది. 1978-79 చలికాలంలో ఇక్కడ కురిసింది 390.4 అంగుళాలు, అంటే దాదాపు పది మీటర్లు. ఆ కొలతని చూపించే నిలువెత్తు బోర్డు హైవే 41 పక్కన ఉంది. కింద నిలబడి ఫొటో దిగనివాళ్ళు తక్కువ.

అయితే ఈ సరస్సు మంచు దూదిలా తేలిక. ఘనపు మీటరుకి అరవై కిలోలు తూగే తాజా మంచు పది అంగుళాలు పడిందని సంబరపడి దారి మీద నొక్కితే మిగిలేది ఒకటిన్నర అంగుళం. దారి వేసే గ్రూమర్ ట్రాక్టరు వెనక బరువైన ఇనుప బ్లేళ్ళ చట్రం ఉంటుంది. అది గుట్టల్ని కోసి, మంచు రేణువుల్ని చితక్కొట్టి, కలిపి, నొక్కి పోతుంది. అసలు పని అది వెళ్ళిపోయాక జరుగుతుంది. మంచు ఎంత చల్లగా ఉన్నా తన కరిగే ఉష్ణోగ్రతకి దగ్గర్లోనే ఉంటుంది, అంచేత పక్కపక్కన తగిలిన రేణువుల మధ్య గంటల తరబడి ఐసు వంతెనలు పెరుగుతూ పోతాయి. చితికిన చిన్న రేణువులైతే ఇంకా వేగం. రాత్రంతా ముట్టుకోకుండా వదిలేస్తే తెల్లారేసరికి ఘనపు మీటరుకి నాలుగైదు వందల కిలోలు తూగే గట్టి దారి అవుతుంది. గ్రూమర్ వెళ్ళిన వెనకే బండ్లతో తొక్కితే ఆ వంతెనలు విరిగి చేసిన పనంతా గంటలో పాడవుతుంది. ఆ ఒక్క సంగతి తెలియకే ఊళ్ళో దారులు చూసుకునే స్నోమొబైల్ క్లబ్బుల వాళ్ళతో కొత్తవాళ్ళకి మాటపట్టింపులు వస్తుంటాయి.

సీజను మొదట్లో అంతకన్నా పెద్ద తలనొప్పి మంచు కింద ఉంటుంది. తాజా మంచులో నిండా గాలే, కాబట్టి అది వేడిని దాదాపుగా పోనివ్వదు. ఐసు కంటే ఇరవై ముప్ఫై రెట్లు తక్కువ ప్రవహింపజేస్తుంది. నేల గడ్డకట్టకముందే అడుగు మంచు పడిందా, ఆ కప్పు కింద బురద నేల బురదగానే ఉండిపోతుంది, బయట మైనస్ పదిహేను ఉన్నా. పైకి తెల్లగా, చదునుగా, రమ్మన్నట్టు కనబడుతుంది. చలి ముందు వచ్చి మంచు తర్వాత పడ్డ ఏడాది దారులు బాగుంటాయి, తిరగబడ్డ ఏడాది జనవరి దాకా చిత్తడి చోట్ల దిగబడుతూనే ఉంటారు. అందుకని క్లబ్బుల వాళ్ళు దారి ఇంకా తయారవకముందే ఆ చిత్తడి చోట్లలో మంచుని ఒకసారి తొక్కి నొక్కివస్తారు. గాలి బయటికి పోతే కప్పు పలచబడి చలి నేలలోకి దిగుతుంది.

ఈ లెక్కన కొత్త బండిని తొలిసారి తీయడానికి కీవినాలో మంచి చోట్లు పాత రైలు కట్టలే. రాగి గనులు నడిచిన రోజుల్లో వేసిన లైన్లు మూతపడ్డాక పట్టాలు పీకేసి దారులుగా మార్చారు. హోటన్ నుంచి మాస్ సిటీ వైపు పోయే బిల్ నికల్స్ దారి అలాంటిదే. ఎత్తు మీద కట్టినవి గనుక నీరు నిలవదు, ఎగుడుదిగుళ్ళు తక్కువ, కాస్త మంచుకే పనికొస్తాయి. కంకర తేలిన చోట మాత్రం స్కీల కింది కార్బైడ్ కడ్డీలు నిప్పురవ్వలు రాలుస్తాయి. స్కీ పట్టు ఇచ్చేది ఆ కడ్డీయే కాబట్టి అది మొదటిరోజే అరిగితే మూల మలుపులో తెలుస్తుంది.

సరస్సుల మాట వేరు. డిసెంబరులో వాటి జోలికి పోవద్దు. మిన్నెసోటా ప్రకృతి వనరుల శాఖ చెప్పేది స్నోమొబైల్‌కి 5 నుంచి 7 అంగుళాల ఐసు ఉండాలని, అదీ కొత్తగా కట్టిన, అద్దంలాంటి ఐసైతేనే. తెల్లగా ఉండే ఐసుకి అందులో సగం బలమే. ఐసు మందం పెరిగేకొద్దీ చలి దాన్ని దాటి కింది నీటిని చేరడానికి ఆలస్యమవుతుంది. చలి ఒకేలా ఉన్నా మందం రెట్టింపు కావడానికి నాలుగింతల కాలం పడుతుంది. దాని మీద మంచు పడితే పెరుగుదల ఇంకా మందగిస్తుంది, పైగా ఆ బరువుకి ఐసు కుంగి, పగుళ్ళలోంచి నీరు ఎగదన్ని మంచు కింద బురదలా నిలుస్తుంది. హోటన్, హాంకాక్ ఊళ్ళ మధ్య నీటిపాయ ఉంది. దాన్ని దాటడానికి ఐసుని నమ్ముకోనక్కరలేదు. 1959లో కట్టిన లిఫ్ట్ బ్రిడ్జికి రెండు అంతస్తులు. చలికాలంలో ఓడలు తిరగవు గనుక కింది అంతస్తుని స్నోమొబైళ్ళు దాటే ఎత్తులో నిలిపి ఉంచుతారు. పైన కార్లు, కింద ఇవి. హోటన్‌లోని మిషిగన్ టెక్ యూనివర్సిటీకి ఎంఎస్ చదవడానికి వచ్చిన మన పిల్లలకి మొదటి చలికాలంలో కనిపించే వింతల్లో ఇదొకటి. ఆ యూనివర్సిటీయే 2003 నుంచి ఏళ్ళ తరబడి, తక్కువ పొగ, తక్కువ రొదతో నడిచే స్నోమొబైళ్ళు తయారుచేసే విద్యార్థుల పోటీకి వేదికగా నిలిచింది.

ఇంజను సంగతికి వస్తే, ఈ బండ్లలో ఎక్కువ భాగం ఇప్పటికీ టూ స్ట్రోకే. పిస్టన్ అల్యూమినియంది. 85 మిల్లీమీటర్ల పిస్టన్ వంద డిగ్రీలు వేడెక్కితే 0.17 మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. సిలిండరుకీ దానికీ మధ్య ఖాళీ ఇంచుమించు 0.1 మిల్లీమీటరే. సిలిండరు కూడా వేడెక్కి వెడల్పైతే ఇబ్బంది లేదు. మైనస్ ఇరవైలో స్టార్టు చేసి అర నిమిషంలో థ్రాటిల్ నొక్కేస్తే, లోపల మంట తగిలిన పిస్టన్ ఉబ్బుతుంది, చుట్టూ ఐసులాంటి నీళ్ళున్న సిలిండరు ఉబ్బదు. రెండూ పట్టేసుకుంటాయి. రిపేరు బిల్లు వేలల్లో. నీళ్ళు గోరువెచ్చనయ్యేదాకా ఆగడమే మందు. కొన్ని కొత్త బండ్లలో కంప్యూటరే అంతదాకా ఆర్‌పీఎం పెరగనివ్వదు.

ఆ మంచి పని చేశాక అదే చోట ఇరవై నిమిషాలు ఉత్త ఐడిలింగులో వదిలేయడం కూడా తప్పే. సిలిండరు గోడ మీద చాలా సన్నటి అడ్డగీతలు గీసి పంపుతారు. పిస్టన్ రింగులు ఆ గీతల కొసల్ని అరగదీసి తమకు సరిపడా చోటు చేసుకోవాలి. రింగుని గోడకేసి అదిమేది మంట ఒత్తిడి. ఐడిలింగులో ఆ ఒత్తిడి చాలదు, ఫుల్ థ్రాటిల్లో వేడి మరీ ఎక్కువ. అందుకే మొదటి కొన్ని గంటలు వేగం పెంచుతూ తగ్గిస్తూ, మధ్యమధ్య చిన్న పరుగులు తీయిస్తూ నడపమంటారు. కొన్ని మోడళ్ళలో ఈ గంటల్లో ఆయిలు మామూలు కంటే ఎక్కువ పడేట్టు కంపెనీయే అమరుస్తుంది, కనుక పొగ కాస్త ఎక్కువొస్తే కంగారు వద్దు.

ఇంజను శక్తిని ట్రాక్‌కి చేర్చే బెల్టుకీ ఇదే వరస. ఇంజన్ వేగం మూడు నాలుగు వేల ఆర్‌పీఎం దాటాక క్లచ్ పళ్ళేలు రెండూ దగ్గరకొచ్చి బెల్టుని నొక్కి పట్టుకుంటాయి. కొత్త బెల్టు అంచులు పళ్ళేల వాలుకి ఇంకా సర్దుకుని ఉండవు, పట్టు అక్కడక్కడే పడి జారి వేడెక్కుతుంది. రాత్రంతా చలిలో ఉన్న ట్రాక్ నేలకి గడ్డకట్టుకుని ఉంటే ఆ మొదటి నొక్కుడంతా బెల్టు మీదే పడుతుంది. కాబట్టి ఎక్కే ముందు వెనక్కి వెళ్ళి బంపరు పట్టుకుని ఒకసారి లేపి వదలాలి. నడుముకి కష్టమే గానీ బెల్టు ఖరీదు ముందు అదెంత.

ఒక్క వాక్యంలో చెప్పమంటే, తొలి ప్రయాణానికి కావలసింది మెత్తటి మంచున్న చదును దారి, తక్కువ వేగం, తక్కువ దూరం. దూరపు ఊరికి స్నేహితుల గుంపుతో పందెం వేసుకుని పోవడానికి జనవరి ఉంది, ఫిబ్రవరి ఉంది, కీవినాలో మార్చి నెలాఖరు కూడా ఉంది.

తిరిగొచ్చాక బండిని పక్కకి వంచి టార్చి వేసి చూడండి. హైఫాక్స్ అంచులు నున్నగా అరిగి ఉంటే మంచిదే. నల్లటి జిగురులా సాగి క్లిప్పులకి అంటుకుని ఉంటే ఆ రోజు మంచు చాలలేదని అర్థం. కొత్త ట్రాక్ మొదటి ప్రయాణాల్లో కాస్త సాగుతుంది, బిగువు తగ్గితే లోపలి పళ్ళ చక్రం మీద జారుతుంది, మరీ బిగిస్తే హైఫాక్స్ మీద బరువు పెరుగుతుంది. మాన్యువల్లో చెప్పిన బరువు వేలాడదీసి ఎంత కిందికి జారిందో కొలిచి సరిచేయాలి. రెండు పక్కలా ఖాళీ సమానంగా ఉందో లేదో కూడా అప్పుడే చూడాలి. సొరంగంలో పేరుకున్న తడి మంచుని రాత్రికి గడ్డకట్టకముందే దులిపేసి, ట్రాక్ కింద చెక్కముక్కలు పెట్టి బండిని ఆ కాస్త ఎత్తున ఉంచితే రేపు పొద్దున బంపరు లేపే పని తప్పుతుంది.